ఎడమ వైపు గీతలు

కళ్లజోళ్ల షాపులో అతని పేరుతో ఎవరికీ పని పడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా వచ్చినవాళ్లందరినీ స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, ఎదురుగా గోడకున్న దీపం పెట్టె వైపు చెయ్యి చూపించి అతను అనే మాట ఒక్కటే. "ఆఖరి వరుస చదవండి." దాంతో ఓనరు మొదలుకొని వీధి చివర టీ బండి మనిషి దాకా అందరికీ అతను ఆఖరివరుస అయిపోయాడు. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం ఒక 'గారు' తగిలించేవారు.

దీపం పెట్టె మీద అక్షరాలు పైన బండగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ చిక్కిపోయి, అట్టడుగున చీమల బారులా మిగులుతాయి. అక్కడున్న ఎనిమిది అక్షరాలూ చదివితే చూపు బాగున్నట్టు, తడబడితే అద్దం మార్చాలి. అంతకుమించి కంటి గురించి తెలుసుకోవాల్సింది ఏముంటుందని అతని ధీమా. కొందరు గడుసువాళ్లు తమ వంతు వచ్చేలోపు కూర్చున్నచోటే అక్షరాలు బట్టీపట్టి వచ్చి గడగడా అప్పజెప్పేవారు. అలాంటివాళ్లను ఆఖరివరుస ఇట్టే పట్టేసేవాడు. "బాగుంది. ఇప్పుడు వెనక నుంచి చదవండి" అనేవాడు. అంతటితో నోళ్లు పడిపోయేవి. తనను ఎవరూ బోల్తా కొట్టించలేరని అతనికి గట్టి నమ్మకం, ఆ నమ్మకంలో కాస్త పొగరు కూడా ఉండేది.

ఇక కారు సంగతి. అతను కొనేటప్పటికే దానికి ఎనిమిదేళ్లు. షాపుకు చత్వారం అద్దాల కోసం వచ్చిన మందుల ఏజెంటు ఒకాయన అమ్ముతున్నానంటే, చూసొద్దామని వెళ్లి, నడిపి చూసి, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చొని తినకుండా లేచాడు. ముదురు ఎరుపు రంగు. నాలుగు తలుపులు. చూస్తే పిల్లాజెల్లాతో ఊరెళ్లే సంసారి బండిలాగే ఉంటుంది. కానీ నేలకు జానెడు ఎత్తులో కూర్చొని ఉంటుంది, డిక్కీ మీద చిన్న రెక్క ఉంటుంది, వెనక రెండు గొట్టాలు ఉంటాయి. సంసారికి సంసారి, షోకిలాకి షోకిలా.

భార్యను ఒప్పించడానికి మొదటి సగమే చెప్పాడు. "నాలుగు తలుపులే. ఐదుగురు హాయిగా కూర్చోవచ్చు. డిక్కీలో రెండు పెట్టెలూ ఒక కుట్టుమిషనూ పడతాయి."

"ఉన్నది ముగ్గురం" అంది ఆమె. "కుట్టుమిషను ఎక్కడికి తీసుకెళ్తాం?"

"పడుతుందని చెప్తున్నాను, అంతే."

ఆమె నవ్వి ఊరుకుంది. పదిహేనేళ్ల కూతురు వెనక సీట్లో ఎక్కి దిగనని పేచీ పెట్టింది. కారు వచ్చేసింది.

వచ్చాక అది పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. పొద్దున్నే ఇంజను వేడెక్కేదాకా దగ్గేది. వెనక అద్దం ఒకటి సగంలో ఇరుక్కుంటే రెండు వేళ్లతో లాగి పైకి తేవాలి. విడిభాగాలు షాపుల్లో దొరక్క పాతబళ్లు విప్పే యార్డుల చుట్టూ ఆదివారాలు తిరగాలి. స్పీడ్‌బ్రేకర్ కనిపిస్తే వెనకవాళ్లను దింపి, బండిని ఏటవాలుగా ఎక్కించి, మళ్లీ ఎక్కించుకోవాలి. అత్తగారిని ఒకసారి ముందు సీట్లో కూర్చోబెడితే దింపడానికి ఇద్దరు చేతులు పట్టి లాగాల్సి వచ్చింది. "బావిలోంచి తోడినట్టు తోడారు కదయ్యా" అని ఆవిడ నడుం పట్టుకొని చాలా రోజులు చెప్పుకుంది.

అయినా ఊరి బయట నాలుగు వరుసల రోడ్డెక్కి మూడో గేరులో ఉండగా, ఇంజను చుట్లు చూపే ఎర్రముల్లు నాలుగు దాటిందంటే, ఆ చప్పుడే మారిపోయేది. గొంతు సవరించుకొని పాట అందుకున్నట్టు ఉండేది. ఆ కాసేపూ షాపు లేదు, స్టూలు లేదు, ఎవరి కన్నూ మూయించనక్కర్లేదు. జీవితంలో తనకంటూ దక్కింది ఆ మూడో గేరు ఒక్కటేనని అతను మనస్ఫూర్తిగా అనుకునేవాడు. పక్కన కూర్చున్న మనిషి ఆ లెక్కలో లేకపోవడం అతనికి ఎప్పుడూ తట్టలేదు.

పక్కన కూర్చున్న మనిషి సామాన్యురాలు కాదు. బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షను ఆమె చేతి కింద నడిచేది. బల్ల మీద నలభై పొరల గుడ్డ పరిచి, పైన సుద్దతో గీత గీసి, నిలువు కత్తి మిషనుతో ఒక్క ఊపున కోయాలి. వెంట్రుకవాసి తప్పితే నలభై చొక్కాలు తగలబడినట్టే. సుద్దగీతకు కూడా మందం ఉంటుందని, ఆ మందంలో లోపలి అంచు మీద కత్తి నడవాలా బయటి అంచు మీద నడవాలా అని ఆలోచించే మనిషి ఆమె. ఫ్యాక్టరీలో అందరూ కటింగ్ మేడమ్ అనేవారు.

ఆమెకు డ్రైవింగ్ నేర్పింది అతనే. ఖాళీ మైదానంలో ఆదివారం పొద్దున్నపూట. మొదటి రోజే క్లచ్ వదిలే పద్ధతి చూసి అతను తెల్లబోయాడు. ఒక్క కుదుపు లేదు.

"మా మిషనులాగే ఉందండీ ఇది" అంది. "బలం ఏం అక్కర్లేదు. ఏమంటోందో వింటే చాలు."

మూడు వారాల్లో లైసెన్సు వచ్చింది. వారంలో రెండు రోజులు కారు ఆమెది అని ఒప్పందం. ఆ రెండు రోజులూ ఆమె కిటికీ అద్దం దించుకొని, జుట్టు రేగిపోయి, ఏదో కూనిరాగం తీసుకుంటూ ఇంటికొచ్చేది. నలభై మూడేళ్ల మనిషి మెట్లు రెండేసి ఎక్కి పైకి వచ్చేది. చూసి అతను సంతోషించాడు. నిజం చెప్పాలంటే కాస్త కుళ్లుకున్నాడు కూడా. మూడో గేరు ఇద్దరికీ దొరుకుతుందని అతను అనుకోలేదు.

వాళ్ల ఫ్లాట్ల గేటుకు అటూ ఇటూ రెండు రాతి స్తంభాలున్నాయి. ఎవరు ఏ కాలంలో కట్టించారో గాని, ఈ కారు దూరితే చెరోవైపు నాలుగువేళ్ల సందు మిగిలేది. ఆమె నడపడం మొదలుపెట్టిన రెండేళ్లకు, ఒక శనివారం ఉదయం, కారు ఎడమ వైపు మూరెడు పొడవున గీత కనిపించింది. ముందు తలుపు మీద మొదలై వెనక తలుపు దాకా పాకింది. దాని మీద స్తంభం సున్నం పొడిపొడిగా అంటుకొని ఉంది. ముందురోజు పొద్దున కారు ఆమె తీసింది. సాయంత్రం అతను తీశాడు.

"ఏం చేశావు దీన్ని?" అన్నాడు.

"నేనేం చెయ్యలేదు. నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చి దిగినప్పుడు చుట్టూ చూసుకున్నాను. రోజూ చూసుకుంటాను."

"అయితే నేనా?"

ఆమె వంగి గీత మీది సున్నాన్ని వేలితో తాకి చూసింది. తరవాత మెల్లగా అంది. "కోప్పడకండి. ఈమధ్య మీరు ఎడమ పక్కకి మరీ ఆనించి నడుపుతున్నారు. మొన్న టీ కప్పు కూడా ఎడమ చేతి పక్కన పెడితే చూడకుండా తోసేశారు. ఒకసారి డాక్టరుకి కళ్లు చూపించుకోండి."

కళ్లు చూపించుకోమని, అదీ అతనికి! పాతికేళ్లుగా వండుతున్న వంటమనిషిని పట్టుకొని నీకు ఉప్పు తెలీదన్నట్టయింది. అతను చెప్పులేసుకొని, ఆమెను కూడా వేసుకోమని, షాపు తెరవకముందే తీసుకెళ్లాడు. షట్టరు సగం ఎత్తి, దీపం పెట్టె వెలిగించి, దూరం గుర్తుగా నేల మీద వేసిన గీత దగ్గర నిలబడి, కుడికంటి మీద నల్లమూత పెట్టుకున్నాడు.

"చూడు, ఎడమ కన్ను. గ, ద, ప, న, ర, వ, ల, మ." ఆగకుండా వెనక్కి మళ్లాడు. "మ, ల, వ, ర, న, ప, ద, గ. ఇంకా ఏమైనా అనుమానమా?"

ఆమె పెట్టె వైపు చూసింది, అతని వైపు చూసింది. "బాగానే ఉంది" అంది.

అక్షరాల మీద కాస్త పొగ కమ్మినట్టు ఉన్న మాట అతనికి తెలుసు. పెట్టెలోని ట్యూబులైటు పాతబడిందనుకున్నాడు. సోమవారం దాన్ని మార్చాడు కూడా.

అలా తన కన్ను నిర్దోషి అని తేలిపోయింది. కారు నడిపేది ఇద్దరే కాబట్టి దోషి ఎవరో కూడా తేలిపోయింది. మధ్యాహ్నం ఇద్దరూ పెయింటింగ్ షెడ్డుకు వెళ్లారు. షెడ్డు మేస్త్రీ వాళ్లకు మొదటినుంచీ తెలిసినవాడే. వంగి, గీత మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించి, "గేటు స్తంభం. లోపలికి వచ్చేటప్పుడు పడింది" అన్నాడు. "ఎవరు నడిపారు సార్?"

"ఇంకెవరు? మా ఆవిడే" అన్నాడు ఆఖరివరుస, చుట్టూ ఉన్న పనివాళ్లకు వినపడేలా. "నలభై పొరలు కోసే చెయ్యి కదా. స్తంభాన్ని కూడా కోసేద్దామనుకుంది. పైగా నేను కాదని అబద్ధం."

షెడ్డులో ఐదారుగురున్నారు. గరుకు కాగితంతో తలుపు రుద్దుతున్నవాడు నవ్వాడు. రంగు కలుపుతున్నవాడు నవ్వాడు. చక్రం విప్పుతున్నవాడికి సరిగా వినపడక, పక్కవాణ్ని అడిగి తెలుసుకొని మరీ నవ్వాడు. ఆమె అక్కడే ఉంది. ఎర్రబడలేదు, ఏడవలేదు. సంచిలోంచి తన వంతు తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టింది. ఆ లోహం చప్పుడు అందరికీ వినిపించింది.

"మీ కారు మీరే నడుపుకోండి" అని బస్‌స్టాపు వైపు నడిచింది.

నాలుగురోజుల్లో కోపం చల్లారుతుంది, తనే అడుగుతుందిలే అనుకున్నాడు అతను. ఆమె అడగలేదు. రెండో తాళంచెవి అతని బీరువా సొరుగులో, పాత అద్దాల డబ్బా కింద పడి ఉంది. వారాలు గడిచాక ఇవ్వడం మరీ కష్టమైంది. ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది కదా. తప్పు తనది కానప్పుడు ఎందుకు ఒప్పుకోవాలి?

ఆ తరవాత ఏడేళ్లూ ఆమె ఫ్యాక్టరీకి బస్సులోనే వెళ్లింది. రెండు బస్సులు మారాలి. ఎక్కువసార్లు నిలబడే వెళ్లాలి. రోజంతా కటింగ్ బల్ల దగ్గర నిలబడే మనిషి మళ్లీ బస్సులో నిలబడితే మోకాళ్లు ఏమవుతాయో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. తప్పనిసరిగా ఇద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే వెనక సీట్లో కూర్చునేది. గేటు దగ్గరకొచ్చేసరికి కళ్లు మూసుకునేది. ఒకసారి మాత్రం ఉండబట్టలేక "ఎడమ!" అని అరిచింది.

"నడిపేది నువ్వా నేనా?" అన్నాడు. దాంతో ఆ ఒక్క మాట కూడా ఆగిపోయింది.

గీతలు మాత్రం ఆగలేదు. ఆమె తాళం వదిలేసిన మూడో నెలలో ఒకటి పడింది. తరవాతి ఏడాది రెండు. ఎడమ అద్దం ఒకసారి విరిగి వేలాడింది. అన్నీ ఎడమ వైపే. ఆఖరివరుస ఒక్కోదానికి ఒక్కో ముద్దాయిని పట్టుకున్నాడు. నీళ్ల ట్యాంకరు డ్రైవరు, పై అంతస్తు పిల్లల సైకిళ్లు, వాచ్‌మన్ చీపురు. కింది ఫ్లాటు రిటైర్డు టీచరమ్మ తన కుండీలు ఆ పక్కన పెట్టినందుకు ఆమెతో మాటలు మానేశాడు. షెడ్డు మేస్త్రీ మూడోసారి వంగి చూసి, లేచి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "మేడమ్ నడపడం మానేశారన్నారు కదా సార్?"

అందులో వెటకారం లేదు. అడిగాడు, అంతే. కానీ ఆఖరివరుసకు ఒళ్లు మండిపోయింది. మర్నాటినుంచి ఊరి ఆ చివర ఇంకో షెడ్డు చూసుకున్నాడు.

ప్రతినెలా మొదటి తారీఖున షాపు తెరిచేముందు గీత దగ్గర నిలబడి రెండు కళ్లూ పరీక్షించుకునేవాడు. కుడి కన్ను ఆఖరి వరుస, ఎడమ కన్ను ఆఖరి వరుస. ట్యూబులైటు ఇంకోసారి మార్చాడు. మధ్యలో ఒకసారి లైసెన్సు పొడిగించుకోవాల్సి వచ్చి, వారానికోసారి షాపుకొచ్చే కళ్ల డాక్టరు దగ్గర కాగితం పెట్టాడు. "నీకు నేను పరీక్ష చెయ్యడమేంటయ్యా" అని నవ్వుతూ సంతకం గీకేశాడు ఆయన. ఆ నవ్వుకు ఆఖరివరుస పొంగిపోయి టీ తెప్పించాడు.

పోయిన ఏడాది ఒక ఉదయం సందు మలుపులో ఎడమ నుంచి సైకిలు మీద వస్తున్న నర్సు ఒకామె కారు తగిలి పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. ఆఖరివరుస దిగి, ముందు తలుపు చూసుకొని, తరవాత ఆమెను చూశాడు.

"కళ్లు కనిపించట్లేదా అమ్మా నీకు?" అన్నాడు.

ఆమె ఏదో చెప్పబోయి, డ్యూటీకి ఆలస్యమవుతోందని సైకిలు లేపుకొని వెళ్లిపోయింది.

ఈసారి లైసెన్సు పొడిగింపుకు పద్ధతి మార్చారు. బయటి డాక్టరు సంతకం చెల్లదు, లైసెన్సులిచ్చే ఆఫీసులోనే పరీక్ష. యాభై ఎనిమిదేళ్ల ఆఖరివరుస సగంరోజు సెలవు పెట్టి, కారు కడిగించి, ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్లాడు. అక్కడ గోడకు దీపం పెట్టె లేదు. బల్ల మీద ఒక డబ్బా ఉంది. దానికున్న రెండు కన్నాల్లోంచి లోపలికి చూడాలి. బల్ల అవతల కుర్ర గుమాస్తా ఒకామె కూర్చొని ఉంది.

"కుడి కన్ను. చదవండి సార్."

లోపల అంకెలు. చదివాడు. ఆమె బొత్తాం నొక్కింది. అంకెలు మారాయి. అవీ చదివాడు.

"ఎడమ."

చీకటిగా ఉంది. "లైటు వెయ్యమ్మా" అన్నాడు.

"వేసే ఉంది సార్."

"నీ డబ్బాలో బల్బు పోయుంటుంది. చూడు."

ఆమె లేచి వచ్చి తనే కన్ను పెట్టి చూసింది. "నాలుగు, తొమ్మిది, రెండు, ఏడు" అని చదివింది. "బాగానే ఉంది సార్. మళ్లీ చూడండి."

అతను మళ్లీ చూశాడు. బొగ్గుపొగ. ఆ పొగలో ఏ అంకే లేదు. గ, ద, ప, న అని నోటిచివరి దాకా వచ్చింది. అదే అతన్ని చావుదెబ్బ కొట్టింది. ఎదురుగా ఏమీ లేకపోయినా నాలుక తనంతట తను చదివేస్తోంది. ఇన్నేళ్లూ ప్రతినెలా గీత దగ్గర నిలబడి ఎడమ కంటితో చదివింది ఇలాగే. ఊళ్లో గడుసువాళ్లందరినీ పట్టుకున్నాడు. వెనక నుంచి కూడా బట్టీ వచ్చిన ఈ ఒక్కణ్ని పట్టుకోలేకపోయాడు.

గుమాస్తా కాగితం మీద ఏదో రాసి, పెద్ద కళ్లాసుపత్రికి వెళ్లమంది. గొంతు మర్యాదగానే ఉంది. వెనక వరుసలో నిలబడ్డవాళ్లు మాత్రం అతని వైపే చూస్తున్నారు.

ఆసుపత్రి ఆ పక్క వీధిలోనే. అక్కడి డాక్టరమ్మ మూడు మిషన్ల మీద గడ్డం ఆనించమని, చుక్కలు వేసి, గంట కూర్చోబెట్టి చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోయిందట. నొప్పి ఉండదట. మెల్లగా, పక్కల నుంచి మొదలై, నడిమికి వస్తుందట. ఒక కన్ను పోతున్నా రెండోది కప్పిపుచ్చుతుంది కాబట్టి మనిషికి తెలియదట.

"మళ్లీ వస్తుందా?" అని అడిగాడు.

"పోయింది రాదు. కుడి కంట్లో కూడా మొదలైంది, దాన్ని చుక్కలతో ఆపొచ్చు. ఒక ఏడెనిమిదేళ్ల కింద వచ్చుంటే ఎడమది కూడా చాలావరకు నిలిచేది." కాగితం నింపుతూ తల ఎత్తింది. "ఎలా వచ్చారు? కారు నడపకండి ఇక. ఇంట్లో ఎవరినైనా పిలిపించుకోండి."

ఇంట్లో నడిపేవాళ్లు ఒక్కరే. కూతురు పెళ్లి చేసుకొని ఊరి అవతల ఉంటోంది, ఆమెకు కారు రాదు. ఆఖరివరుస ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని ఫ్యాక్టరీకి ఫోను చేశాడు. ఆమె అంతా విని, "అక్కడే ఉండండి" అంది. రెండు బస్సులు మారి గంటంబావుకు వచ్చింది. కుంటుతూ వస్తోంది. ఆ కుంటు ఎప్పుడు మొదలైందో అతను చెప్పలేడు.

బీరువాలోని తాళం అతని దగ్గర లేదు. తన తాళమే జేబులోంచి తీసి చేతికిచ్చాడు. ఆమె తీసుకొని, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎడమ వైపు ఆగింది. పాత రంగు మీద కొత్త రంగు, దాని మీద గీత, గీత మీద సున్నం. వాటిని గుడ్డ అంచు చూసినట్టు చూసి, వచ్చి కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది. మధ్య అద్దం సరిచేసుకుంది. ఎడమ అద్దం వైపు చూసి ఆగిపోయింది.

"దీన్ని ఎప్పట్నుంచి ఇలా పెట్టుకున్నారు?"

ఆమె చెప్పాకే తెలిసింది అతనికి. ఆ అద్దం ఆకాశంలోకి తిరిగి ఉంది. ఎన్నాళ్లుగా ఉందో అతనికి తెలియదు. దాంతో పనే పడలేదు. ఆమె దిగి, అటు వెళ్లి, చేత్తో దించి, మళ్లీ వచ్చి కూర్చుంది.

ఏడేళ్ల తరవాత మొదటిసారి క్లచ్ వదిలింది. ఒక్క కుదుపు లేదు. అతను ఎడమ సీట్లో కూర్చున్నాడు కాబట్టి ఆమె కుడి కంటి వైపు ఉంది. బాగానే కనిపిస్తోంది. రోడ్డు ఖాళీ దొరికిన చోట మూడో గేరులో ఉంచి కాస్త తొక్కింది. ముల్లు నాలుగు దాటింది. చప్పుడు మారింది. ఆమె మొహంలో ఏదో వెలిగి, అంతలోనే ఆరిపోయింది. ఆ వెలుగు అతను గుర్తుపట్టాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తనకు ఈ లోకంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఏదో అదే ఆమెకూ ఇష్టమని ఏడేళ్ల కిందే తెలుసు. తెలిసే లాక్కున్నాడు.

గేటు వచ్చింది. ఆమె ఆగలేదు, తటపటాయించలేదు. సుద్దగీత మీద కత్తి నడిచినట్టు కారు రెండు స్తంభాల మధ్య నుంచి లోపలికి వెళ్లింది. చెరోవైపు నాలుగువేళ్లు. ఇంజను ఆపి, దిగి, అలవాటుగా చుట్టూ ఒకసారి చూసుకుంది. తాళం ఉన్న చెయ్యి అతని వైపు చాచింది.

"నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. "ఇకనుంచి నువ్వే నడుపు. కారు నీదే. తప్పు నాది. నాదే. అప్పుడు నువ్వు చెప్పావు, నేను వినలేదు."

ఆమె చెయ్యి అలాగే చాచి ఉంది.

"ఆ రోజు షెడ్డులో తాళం పెట్టాను కదా బానెట్ మీద" అంది. "ఇక వద్దని పెట్టలేదు. సాయంత్రం మీరే తెచ్చి ఇస్తారనుకున్నాను. రాత్రి వంట చేస్తూ కూడా అనుకున్నాను. ఆ వారమంతా అనుకున్నాను."

అతను చేతిలోని ఆసుపత్రి కాగితాన్ని ఇంకో మడత పెట్టాడు.

"అప్పట్లో ఒక్కమాట చాలు. నమ్ముతున్నాను అని కూడా అక్కర్లేదు. నువ్వే చేసినా ఫర్వాలేదు, తీసుకో అంటే చాలు. ఇప్పుడేంటండీ, డాక్టరు వద్దన్నాక ఇస్తున్నారు."

తాళం అతని అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. విసురుగా కాదు, మామూలుగానే. తరవాత కమ్మీ పట్టుకొని ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్లింది.

మర్నాడు పొద్దున అతను బీరువా సొరుగు తెరిచి, అద్దాల డబ్బా కింద నుంచి రెండో తాళం తీసి, ఆమె సంచి పక్కన బల్ల మీద పెట్టాడు. స్నానం చేసి వచ్చేసరికి సంచి లేదు. తాళం ఉంది. ఆమె దాన్ని సంచి తగలకుండా కాస్త పక్కకు జరిపి వెళ్లింది.

బాల్కనీలోకి వెళ్లాడు. కింద ఎర్రకారు నిలబడి ఉంది. బస్‌స్టాపు ఎడమ చేతి వైపు. అటు చూడాలంటే ఇప్పుడు తల మొత్తం తిప్పాలని గుర్తుచేసుకోవాల్సి వచ్చింది. తిప్పాడు. బస్సు అప్పటికే కదిలింది. లోపల కమ్మీలు పట్టుకొని నిలబడ్డ చేతులు కనిపించాయి గాని, వాటిలో ఆమె చెయ్యి ఏదో పోల్చుకోలేకపోయాడు.